మీ బిడ్డ ర్యాంకు మీ ఆయన గుండెకు మందు కాదు

ప్రశ్న: మా పాప నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటోంది. ఈమధ్య గుండె దడగా ఉంటోందని, నిద్ర పట్టడం లేదని ఫోన్లో ఏడుస్తోంది. క్లినిక్‌లో చూపిస్తే బీపీ 138/88 ఉంది. మా ఆయనకు 47 ఏళ్లకే స్టెంట్ వేశారు. లాంగ్ టర్మ్ కొనసాగించాలా, బీఎస్సీ కార్డియాక్ టెక్నాలజీలో చేర్చాలా? మాన్పిస్తే ఆయన ఏమైపోతారోనని భయం. పాపకు సీటు వస్తేనే ఆయన గుండె కుదుటపడుతుందని ఇంట్లో అందరం అంటుంటాం.
- ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అమ్మా, మీ చివరి మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట పాప ముందు కూడా అన్నారా? అని ఉంటే మీరు చాలా పొరపాటు చేశారు. ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు తండ్రి ప్రాణం కూడా తన మీదే ఉందని 19 ఏళ్ల పిల్ల అనుకుంటే, నిద్ర ఎట్లా పడుతుంది?

మీ ఆయన గుండె కుదురుగా ఉండేది డాక్టర్ రాసిన మాత్రలు మానకుండా వేసుకుంటే, పొగాకు జోలికి పోకపోతే, బీపీ, షుగర్ అదుపులో ఉంటే, రోజూ నడిస్తే. పాప ర్యాంకుతో కాదు. ఈ మాట మీరు చెప్తే ఆయన వినకపోవచ్చు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టర్ చేతనే చెప్పించండి.

ఇక పాప సంగతి. ఈ వయసులో దడ అంటే గుండె జబ్బే అనుకోకండి. ఎక్కువగా ఆందోళన వల్లో, రక్తం తక్కువయ్యో, థైరాయిడ్ తేడా చేసో వస్తుంది. రాత్రుళ్లు మేల్కోవడానికి తాగే టీ, కాఫీలు కూడా దడ పుట్టిస్తాయి. ఒక్కసారి చూసిన బీపీతో ఏదీ తేలదు. అయిదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోబెట్టి, వేర్వేరు రోజుల్లో చూడాలి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనైనా, మీకు నమ్మకమున్న ఫిజీషియన్ దగ్గరైనా ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. తండ్రికి 55 ఏళ్లలోపే గుండె జబ్బు వచ్చింది కాబట్టి కొలెస్ట్రాల్ కూడా చూడమనండి. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పరీక్ష హాల్లో మూడు గంటల టెన్షన్ ఆరోగ్యంగా ఉన్న గుండెను మామూలుగా పాడుచేయదు. అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, తర్వాత ఒళ్లు సర్దుకుంటుంది. ఆ సర్దుకునే సమయం నెలల తరబడి దొరకకపోతేనే చిక్కు. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని వదులుగా ఉంచుతుంది. దీన్ని కనుగొన్నందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. ఎడతెగని ఒత్తిడిలో ఆ పొర సరిగా పనిచేయదు. నాళం బిగుసుకుంటుంది, లోపల వాపు మొదలవుతుంది, కొవ్వు పేరుకోవడానికి దారి ఏర్పడుతుంది. 52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు దారితీసే ముఖ్య కారణాల్లో పొగతాగడం, బీపీ, షుగర్‌ల సరసన మానసిక ఒత్తిడినీ చేర్చింది. అయితే ఇది ఏళ్ల మీద జరిగే నష్టం. మీ పాపకు ఇంకా ఏమీ మించిపోలేదు. నిద్ర, వేళకు తిండి, సాయంత్రం అరగంట నడక దొరికితే ఈ వయసులో ఒళ్లు తొందరగానే కోలుకుంటుంది.

లాంగ్ టర్మ్ మీద నా అనుమానం కూడా దాచను. మొదటిసారి జ్వరం వచ్చో, సిలబస్ పూర్తికాకో సీటు తప్పిన పిల్లలకు ఒక ఏడాది ఉపయోగపడుతుంది. మూడో ప్రయత్నానికి వచ్చేసరికి చాలామంది అవే నోట్సు, అవే తప్పులు తిరగేస్తుంటారు. తెల్లవారుజామున లేచి రాత్రి పది దాటేదాకా కూర్చుంటే మార్కులు పెరుగుతాయని హాస్టళ్లు చెప్తాయి. నిద్ర లేని బుర్రలో చదివింది నిలవదని మాత్రం చెప్పవు. పక్కింటి పిల్ల వెళ్లిందని, చుట్టాలు అడుగుతున్నారని మూడో ఏడాది ఫీజు కట్టే తల్లిదండ్రులను ఎందరినో చూశాను. మొదటిసారికీ రెండోసారికీ పాప మార్కులు ఎంత పెరిగాయో మీరు రాయలేదు. సీటు దరిదాపులకు వచ్చి ఆగితే, హాస్టల్ మాన్పించి ఇంటి నుంచి ఒక్కసారి రాయనివ్వొచ్చు. లేకపోతే ఇక చాలు.

కార్డియాక్ టెక్నాలజీ మంచి కోర్సే. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష, స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్‌లో పని నేర్పుతారు. మీ ఆయనకు స్టెంట్ వేసినప్పుడు డాక్టర్ పక్కన మానిటర్లు చూసుకునే పని ఇలాంటివాళ్లదే. మొదట్లో జీతం తక్కువే, పని నేర్చుకున్నకొద్దీ పెరుగుతుంది. అడ్మిషన్ల కోసం మన వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూస్తుండండి.

ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు టెస్టు మార్కులు అడగకండి. తన ఆరోగ్యానికీ, పాప సీటుకూ సంబంధం లేదని మీ ఆయన నోటితోనే చెప్పించండి. రిపోర్టులు వచ్చాక ఈసారి పాపనే నాకు రాయమనండి. తనకు ఏం చదవాలనుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.