రేకుల ఇంట్లో గాలివాన వస్తే

అబ్బోడా,

మొన్న ఫోన్లో "పెద్దనాయనా, ఇక్కడ గాలి బలే వస్తోంది, రాత్రి ఫ్యాన్ కూడా వేసుకోలేదు" అని సంబరపడ్డావే, అప్పటి నుంచి నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. బెంగళూరు వదిలేసి పుట్లూరు దాపున తోటలో కాపురం పెట్టావు, మంచిదే. కానీ ఆ ఇంటి పైకప్పు నేను చూసినా. సగం రేకులకు హుక్కులు లేవు, బరువుకని పైన రాళ్లు పెట్టినారు. ఫోన్లో చెబితే సగం విని "సరేలే" అంటావని రాసి పంపుతున్నా, కోడలికి కూడా చదివి వినిపించు.

మన సీమలో గాలి రెండు రకాలు. ఆషాఢంలో వీచేది పడమటి గాలి, రోజుల తరబడి ఒకే తీరున హోరుమంటుంది, రామగిరి కొండల మీద గాలిమరలు జోరుగా తిరిగేది అప్పుడే. దానికి మనం అలవాటు పడిపోయినాం. నాకు భయం చైత్ర వైశాఖాల్లో వచ్చే గాలివానతోనే. పగలంతా 42 డిగ్రీల ఎండకు నేల కాగిపోయి ఉంటుంది, ఆకు కదలదు, మూడు నాలుగు గంటల వేళ ఒక మూల నల్లగా మబ్బు లేస్తుంది. ఆ మబ్బులో వాన మొదలయ్యేసరికి చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి, నేలకు తగిలి నలుదిక్కులా పరుగెడుతుంది. అందుకే చినుకు కంటే ముందు దుమ్ము వస్తుంది. ఉక్కలో ఉన్నట్టుండి చల్లగాలి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, వాకిట్లో నిలబడాలనిపిస్తుంది. నిలబడొద్దు. నువ్వు చేయాల్సిన పనులన్నీ మబ్బు కనబడినప్పుడే అయిపోవాలి, చల్లగాలి తగిలినాక ఇంట్లోకి పోవడం ఒక్కటే పని.

ముందు పొయ్యి సంగతి. మీ అత్త వచ్చినప్పుడల్లా బయట కట్టెల పొయ్యి మీద నీళ్లు కాస్తుందని చెప్పినావు. మబ్బు చూడగానే దాంట్లో నీళ్లు పోసి పూర్తిగా ఆర్పేయాలి, బూడిద కింద నిప్పు మిగిలినా గాలికి లేచి వామి మీద పడుతుంది. వామి అంటుకుంటే ఆ గాలిలో ఎవరూ ఏమీ చేయలేరు. తర్వాత మోటారు వేసి మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నిండా నింపు. ఖాళీ ట్యాంకు గాలికి దొర్లిపోతుంది, నిండుది కదలదు, పైగా స్తంభాలు పడితే రెండు మూడు రోజులు కరెంటు రాకపోయినా నీళ్లుంటాయి. నిండినాక స్టార్టర్ దగ్గర, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్విచ్ తీసెయ్, ఇది మరిచిపోవద్దు. లైను తెగి ఒక ఫేజు పోయి కరెంటు వచ్చీపోయీ చేస్తుంటే మోటారు కాలిపోతుంది, బోరులోంచి పైకి లాగి వైండింగ్ చేయించే ఖర్చు నీకు ఈ ఏడాది వద్దు. టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు కూడా పీకేయండి.

ఆవును వేపచెట్టు కింద కట్టేస్తున్నావు. నీడకు బాగుంటుంది గాని పిడుగుకు అదే మొదటి చోటు. మబ్బు లేస్తే దాన్ని కొట్టంలోకి మార్చి పలుపు జారుముడి వెయ్, కొట్టం ఊగితే లాగి వదిలేసేటట్టు ఉండాలి. పడమటి పక్క నాపరాళ్లు నిలబెట్టిన దడి ఉందే, దాని దగ్గరికి మనిషీ పోకూడదు, గొడ్డూ పోకూడదు. వాటి కింద పునాది లేదు.

ఇక అసలు విషయం. గాలి మొదలైనాక ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు తలుపు, కిటికీలు బిగించి గడియ పెట్టు. ఆ పక్క తలుపు తెరుచుకుంటే లోపలికి దూరిన గాలి రేకులను కింద నుంచి తోస్తుంది, పై నుంచి పోయే గాలి లాగుతుంది, రెండూ కలిస్తే కప్పు లేచిపోతుంది. గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది, అందుకే నిన్న నిలిచిన రేకు ఈరోజు నిలవదు. రేకులు టపటపా కొట్టుకోవడం మొదలైతే అందరూ వెనకాల ఉన్న పాత చౌడు మిద్దెలోకి (కప్పు మీద చౌడుమన్ను పరిచిన ఇల్లు) పోండి, జేజి పడుకునే గదిలోకి. గవాచి, అదే వెలుతురుకని కప్పులో వదిలిన కంత, దాని మీద బండ ముందే కప్పి ఉంచు. మిద్దె కారుతుంది, కారనీ. దాని బరువే దానికి కాపు.

రేకు ఎగిరిపోతుంటే పట్టుకోవాలని బయటికి ఉరకొద్దు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా. నీకు అప్పుడు ఆరేళ్లేమో, కల్లం దగ్గర కొట్టం రేకు ఒక మూల లేస్తుంటే నేనూ మీ నాయనా పరుగెత్తి తాడు వేసి వేలాడినాం. ఇద్దరు మనుషుల బరువు దానికి లెక్కలేదు. తాడు జారింది, రేకు అంచు నా అరచేతిని కోసుకుంటూ పోయింది, పదకొండు కుట్లు. పైన బరువుకు పెట్టిన రాయి మీ నాయన పక్కన రెండడుగుల దూరంలో పడింది. ఆ రేకు ఖరీదు అప్పట్లో ఎంతో తెలుసా, నా ఆసుపత్రి బిల్లులో సగం కూడా లేదు. ఇప్పటికీ చలికాలం ఆ చెయ్యి ముడుచుకోదు.

మామిడికాయల మాట కూడా చెప్పాలి. గాలి కొడితే కాయలు టపటపా రాలతాయి, పిల్లోడు బుట్ట పట్టుకుని పరుగెడతాడు, మనమూ అట్లే చేసినోళ్లమే. వాణ్ణి పట్టుకుని కూర్చోబెట్టు. మెరుపు కనబడినాక ఉరుము వినబడేదాకా సెకనుకొక అంకె లెక్కపెట్టు, మూడు అంకెలకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. 30 లోపల ఉరుము వినబడితే ఎవరూ గడప దాటకూడదు, ఆఖరి ఉరుము తర్వాత ఇంకో 30 నిమిషాలు ఆగాలి. నీ ఫోన్లో దామిని యాప్ వేసుకో, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. నేనైతే దానికంటే లెక్కనే నమ్ముతా, టవరు ఆగిపోతే యాప్ ఏం చేస్తుంది.

వాన వెలిసినాక తోటలోకి చీకట్లో పోవద్దు. తెగిన తీగ తడి నేలమీద పడి ఉంటే దూరం నుంచే జనాన్ని ఆపి కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ కొట్టు, కట్టెతో పక్కకు తోస్తానని తెలివి చూపించొద్దు. అరటి పడిపోయి ఉంటే వెంటనే నరికి శుభ్రం చేయాలనిపిస్తుంది, ఆగు. వరుసలు కనబడేలా ఫోటోలు తీసి, రైతు సేవా కేంద్రంలోనూ ఉద్యాన శాఖ వాళ్లకూ చెప్పి, వాళ్లు వచ్చి చూసి రాసుకున్నాకే ముట్టుకో. 33 శాతం గానీ ఆ పైన గానీ దెబ్బతింటేనే పెట్టుబడి సాయం లెక్కలోకి వస్తుంది, నువ్వు ముందే నరికేస్తే శాతం ఎవరు లెక్కపెడతారు? వచ్చే ఏడు గెల వేసేటప్పటికి వెదురు పోట్లు తెచ్చుకో, ఈ ఏటికి చెట్టుకు చెట్టును తాళ్లతో కట్టి కానిద్దాం.

ఆదివారం పొద్దున్నే వస్తా. ఈలోపల తాడిపత్రి పోయి జె హుక్కులు, రబ్బరు వాషర్లు తెచ్చిపెట్టు, పాత హుక్కులు తుప్పు పట్టినాయి, వాటిని వాడేది లేదు. అంచుల్లో, మూలల్లో గాలి ఎక్కువగా లాగుతుంది గనుక అక్కడ దగ్గర దగ్గరగా కొట్టాలి, కాబట్టి లెక్క కంటే ఓ ఇరవై ఎక్కువే తీసుకో. వాకిలి వైపు చూరు రెండున్నర అడుగులు బయటికి ఉంది, దాన్ని అడుగున్నరకు కోయించాలి, కోసే మిషను పక్క ఊళ్లో అడిగి పెట్టు. రాళ్లు మాత్రం నేను వచ్చేలోపే దింపేయి, నిచ్చెన కింద ఎవరైనా పట్టుకున్నప్పుడే ఎక్కు.

నీ పెద్దనాయన