దెయ్యం చేత సాక్ష్యం చెప్పించకు

చిక్కడపల్లి, హైదరాబాద్

చి. అమ్మలుకి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ నవల అధ్యాయాలన్నీ చదివాను. 1948 సెప్టెంబరు, సుల్తాన్ బజార్‌లో పెంకుటిల్లు, కనబడకుండా పోయిన కొడుకు, అర్ధరాత్రి తలుపు చప్పుడు. సరుకు మంచిదే. అయితే చివర్లో ఆ అబ్బాయి దెయ్యమై వచ్చి తనను చంపిందెవరో చెప్పేస్తాడని రాశావు చూడు, అక్కడ ఉసూరుమనిపించింది. దెయ్యమే సాక్ష్యం చెప్పేస్తే పాఠకుడు అంతసేపు బుర్ర బద్దలు కొట్టుకున్నది దేనికి? భయపెట్టే పని దెయ్యానికివ్వు. హంతకుణ్ణి పట్టించే పని మనుషులకే వదిలెయ్యి.

ముందు యుద్ధం సంగతి. సుల్తాన్ బజార్ మీద బాంబులు పడ్డట్టు రాశావు, అది తీసెయ్యి. భారత సైన్యం 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది, ఒక దళం షోలాపూర్ వైపు నుంచి, ఇంకొకటి బెజవాడ వైపు నుంచి. 17న కాల్పులు ఆగాయి, ఆ సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు. 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ వెళ్లి భారత సైన్యపు జనరల్ చౌదరికి లొంగిపోయాడు. పోరంతా బయటే జరిగింది. ఊళ్లో ఉన్నది ఎదురుచూపు, పుకార్లు. భారత ప్రభుత్వం పెట్టిన దిగ్బంధం వల్ల అప్పటికే మందులు, పెట్రోలు దొరకడం గగనమైంది. నీకు బాంబుల కంటే ఇవే పనికొస్తాయి. తలుపు చప్పుడైతే రజాకార్లా, పోలీసులా, పారిపోయిన కొడుకే తిరిగొచ్చాడా అని గుండె గుబేలుమనే ఇంట్లో, దెయ్యమేమో అన్నది ఆఖరి అనుమానంగా రావాలి. మొదటే వస్తే తేలిపోతుంది.

కారుచీకటి అని పేజీకోసారి రాశావు. పంచాంగం చూసుకోవద్దూ? ఆ ఐదు రాత్రులూ శుక్లపక్షం, 18న భాద్రపద పౌర్ణమి. వానాకాలమే కాబట్టి మబ్బు పట్టించుకోవచ్చు, లేదా వెన్నెల్లోనే భయపెట్టవచ్చు. నన్నడిగితే రెండోదే మేలు. కాకపోతే చెయ్యి తిరగాలి.

ఇక అసలు విషయం. పౌర్ణమి వెళ్లగానే మహాలయ పక్షం మొదలవుతుంది. యుద్ధం ఆగిన వెంటనే, పోయినవాళ్లకు నీళ్లు వదిలే పదిహేను రోజులు! నీ కథకు ఇంతకంటే ఏం కావాలి? యుద్ధంలో కనబడకుండా పోయినవాడు పోయాడో ఉన్నాడో తెలియదు. ఆచూకీ లేనివాడికి పన్నెండేళ్లు ఎదురుచూడాలంటారు పెద్దలు. అందుకే తల్లి కొడుకు పేరు ఎత్తనివ్వదు, రోజూ రాత్రి అన్నం ఒక పక్కన తీసి పెడుతుంది. చిన్నాన్న మహాలయానికి కూర్చుంటాడు. పురోహితుడు గోత్రం, పేర్లు ఒక్కొక్కటే చెప్పించి తిలోదకాలు వదిలిస్తుంటాడు. తాత, నాన్న, అన్న... ఆ వరసలో చిన్నాన్న నోటి నుంచి ఆ పిల్లాడి పేరు కూడా వచ్చేస్తుంది. పురోహితుడి చెయ్యి ఆగిపోతుంది. నువ్వులు చిన్నాన్న బొటనవేలికి అంటుకునే ఉంటాయి. వంటింట్లో గారెలకు పప్పు రుబ్బుతున్న తల్లి పొత్రం ఆపేస్తుంది. వాడు పోయాడని ఈయనకెలా తెలుసు?

అంతే, అదే నీ సాక్ష్యం. ఊరంతా రజాకార్లు ఎత్తుకుపోయారనుకుంటున్న మనిషిని, ఆస్తి కోసం ఇంట్లోవాడే చంపాడు. అన్ని చావుల మధ్య ఒక చావు ఎవరి కంటా పడదని ధైర్యం. ఆ రాత్రి నుంచి తలుపు చప్పుడు ఆగిపోవాలి. ఎందుకు ఆగిందో మాత్రం నువ్వు చెప్పకు.

పక్కింటి ముస్లిం కుటుంబాన్ని ఊరికే నిలబెట్టావు, వాళ్లకీ పని చెప్పు. చప్పుడు వాళ్లూ విన్నారు. వాళ్ల నానమ్మ జిన్ అంటుంది. జిన్ అంటే చచ్చినవాడి ఆత్మ కాదు, అది వేరే సృష్టి. కాబట్టి ఆవిడ లెక్కలో పిల్లాడు బతికి ఉండొచ్చు! నీ తల్లి పాత్ర ఆ మాటకే ఆశపడి ఆవిడ వెంట దర్గాకు వెళుతుంది. మన ఊళ్లో తాయెత్తుకు మతం అడ్డం రావడం ఎక్కడ చూశాం? పైగా ఆ రోజుల్లో రజాకార్ల చేతుల్లో పోయినవాళ్లున్నారు, పోలీస్ యాక్షన్, అదే ఆ సెప్టెంబరు యుద్ధం, తర్వాత జిల్లాల్లో పోయిన ముస్లింలూ ఉన్నారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ వాళ్ల సంగతి రాస్తే ఆ నివేదికను దశాబ్దాలు బయటపెట్టలేదు. ఒక వైపు వాళ్లనే దెయ్యాలుగా రాసే పని పెట్టుకోకు.

నీ ఇన్‌స్పెక్టర్‌కి దొరికే ఆధారాలు ఆ కాలానివై ఉండాలి. అప్పుడు ఇక్కడ చెల్లింది హాలీ సిక్కా, చార్మినార్ బొమ్మ ఉండే రూపాయి. తపాలా బిళ్లలూ సంస్థానానివే. ఊరు దాటి వెళ్లానన్నవాడి జేబులో ఏ డబ్బుంది, వాడి పేర వచ్చిన ఉత్తరం మీద ఏ బిళ్ల ఉంది, వీటితో ఒక అధ్యాయం నడిపించవచ్చు. మనిషి మాయం కావడానికి దెయ్యమే అక్కర్లేదు కూడా. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి మాయమై కరాచీలో తేలాడు. కాపలా వాళ్లు కాపలా కాస్తూనే ఉన్నారు!

గోల్కొండలో గజ్జెల చప్పుడు ఘట్టం కొట్టెయ్యి, అది అందరూ నమిలేసిందే.

తార్నాకలో ఆర్కైవ్స్‌కి వెళ్లే ముందు ఫోన్ చెయ్యి, మోకాళ్లు సహకరిస్తే నేనూ వస్తాను. తిరగరాసింది పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో చదవడం నా వల్ల కావట్లేదు. నాన్నని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న