పాత పేపర్లు చూసి నవ్వించాలనుకుంటున్న అమ్మాయికి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. యుద్ధకాలపు పేపర్ల హెడ్డింగులు ఏరి వాటితో నవ్వించాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. కానీ ఇరవై హెడ్డింగులు వరసగా పేర్చి, ఒక్కోదాని కింద ఒక్కో చెణుకు విసిరి వదిలేశావు. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు ఆగిపోయింది.

హెడ్డింగ్ ఒక్కటే చూపిస్తే పాఠకుడికి సగమే అందుతుంది, మిగతా సగం తేదీలో ఉంటుంది. 1939 ఆగస్టు 7న లండన్‌లో డైలీ ఎక్స్‌ప్రెస్ ‘ఈ ఏడాది యుద్ధం రాదు’ అని పెద్దక్షరాల్లో వేసింది. యూరప్‌లో ఉన్న తమ విలేకరులు 12 మందిని అడిగితే 10 మంది ఆ మాటే అన్నారని రాసింది. దీని కింద నువ్వు ‘ఎంత తెలివితక్కువ వాళ్లో!’ అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. సెప్టెంబరు 1న జర్మనీ పోలండ్ మీద పడిందనీ, 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిందనీ రాసి ఊరుకో, పాఠకుడే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుని నవ్వుతాడు. 1942లో వచ్చిన ఒక బ్రిటిష్ యుద్ధ సినిమాలో ఆ పేపరు చెత్తతోపాటు నీళ్లలో తేలుతూ కనిపిస్తుంది, దాని యజమానికి ఆ సినిమా తీసినవాళ్ల మీద విపరీతమైన కోపం వచ్చింది. అది రాస్తే నీ చెణుకు కన్నా బాగుంటుంది. ఇంకో మాట. ఆ రోజు పేపరు కొన్న మనిషి, అంతకు ముందు యుద్ధంలో అన్ననో కొడుకునో పోగొట్టుకుని ఉండొచ్చు. ఆ హెడ్డింగ్ చదివి ఆ రాత్రి అతను కాస్త నిద్రపోయి ఉంటాడు. అతన్ని చూసి మనం నవ్వకూడదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగింపులో, 1918 నవంబరు 7 సంగతి నీ వ్యాసంలో ఒక్క లైనులో అయిపోయింది, నాకు బాధేసింది. యునైటెడ్ ప్రెస్ అనే అమెరికన్ వార్తా సంస్థ అధిపతి రాయ్ హోవర్డ్ ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో ఉన్నాడు. యుద్ధవిరమణ సంతకాలు అయిపోయాయని అక్కడి అమెరికన్ అడ్మిరల్ చెప్పగానే తంతి కొట్టేశాడు. సెన్సారు దాటి వచ్చింది కదా, నిజమే అయ్యుంటుందని అమెరికాలో పేపర్లు పతాక శీర్షికలు పెట్టేశాయి. న్యూయార్క్‌లో జనం వీధుల్లోకి వచ్చి కాగితాలు చింపి పైనుంచి చల్లుతూ, ముక్కూమొహం తెలియనివాళ్లను కౌగిలించుకుంటూ సంబరం చేసుకున్నారు, అవతల ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి. అసలు సంతకాలు జరిగింది 11న, అప్పుడు మళ్లీ అదే జనం అదే వీధుల్లో మళ్లీ గంతులేశారు. నేను చాలా ఏళ్లు డెస్కులో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, అలాంటి తంతి చేతికొచ్చిన నిమిషంలో ఉండే టెన్షన్ రాయి. ఆపితే పక్క పేపరు కొట్టేస్తుంది, వేస్తే అబద్ధమేమో. ఆ ఊగిసలాట రాస్తే నవ్వు దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే నాకిష్టమైనది నీ జాబితాలో లేనే లేదు. ఆడేషస్ అని బ్రిటిష్ యుద్ధనౌక, ఆ పేరుకు అర్థం సాహసి. 1914 అక్టోబరు 27న ఐర్లండ్ ఉత్తర తీరం దగ్గర మందుపాతర తగిలి మునిగిపోయింది. దగ్గర్లోనే ఒలింపిక్ అనే ప్రయాణికుల ఓడ ఉంది, అందులోని అమెరికన్లు డెక్కు మీద నిలబడి ఫోటోలు తీశారు. అయినా నౌకాదళం దాన్ని రహస్యం అంది, బ్రిటిష్ పేపర్లు నోరు మూసుకున్నాయి. యుద్ధం సాగినన్నాళ్లూ, బయటికి ఇచ్చే నౌకల కదలికల జాబితాల్లో ఆ ఓడ పేరు ఉంటూనే వచ్చింది. సముద్రం అడుగున ఉన్న ఓడ కాగితం మీద నాలుగేళ్లు తిరిగింది! చివరికి 1918 నవంబరు 14న, యుద్ధం ముగిసిన మూడు రోజులకు, టైమ్స్‌లో ప్రకటన వచ్చింది, దాని శీర్షిక ‘ఆలస్యమైన ప్రకటన’. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచి గట్టిగా నవ్వాను. దీనికి నువ్వు కలపాల్సింది ఏమీ లేదు, తేదీలు తప్పుపోకుండా చూసుకుంటే చాలు.

ఓడిపోతున్నప్పుడు ప్రభుత్వాలు కనిపెట్టే మాటల మీద మాత్రం ఎంతైనా నవ్వు, మొహమాటపడకు. 1943 ఫిబ్రవరిలో పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి వదిలి వెనక్కి వచ్చేసినప్పుడు జపాన్ సైన్యం ‘వెనక్కి తగ్గాం’ అనలేదు, ‘తెన్షిన్’ అంది, అంటే దిశ మార్చి ముందుకు సాగడం. జర్మన్లు ‘యుద్ధరంగపు రేఖను తిన్నగా చేశాం’ అనేవారు. ఆ మాట తయారుచేసిన ఆఫీసును చూసి నవ్వించు. ఆ దీవిలో ఆకలికి మాడిపోయిన సిపాయి మీద మాత్రం నవ్వు పడనివ్వకు. అందుకే 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్లండ్స్ యుద్ధంలో బ్రిటిష్ పేపరు సన్ వేసిన ‘గాచా’ (‘చిక్కావులే!’ అని) హెడ్డింగును తీసెయ్యమంటున్నాను. అర్జెంటీనా యుద్ధనౌక బెల్‌గ్రానో మునిగి 323 మంది చనిపోయారు. ఆ పేపరే తర్వాతి ఎడిషన్లలో దాన్ని మార్చేసింది.

ఇంగ్లిష్ శ్లేషల హెడ్డింగులు కూడా వదిలెయ్. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూస్‌ప్రింట్ కొరత వల్ల బ్రిటన్ పేపర్లు నాలుగు పేజీలకు కుంచించుకుపోయాయి, అక్షరం అక్షరం లెక్కపెట్టి హెడ్డింగ్ పెట్టేవాళ్లు, అంత బిగిస్తే రెండర్థాలు పుట్టక తప్పదు. ఆ కారణం చెబితే బాగుంటుంది. శ్లేషను మాత్రం తెలుగులో మూడు లైన్లు పెట్టి విప్పి చెప్పేసరికి చల్లారిపోతుంది.

చివర్లో నెపోలియన్ది పెట్టావు చూడు, 1815లో అతను ప్రవాసమున్న ఎల్బా దీవి నుంచి పారిస్ వస్తుంటే పేపరు మొదట ‘రాక్షసుడు’ అనీ, దగ్గరయ్యేకొద్దీ మెత్తబడి చివరికి ‘చక్రవర్తిగారు’ అనీ రాసిందని. చాలా ఏళ్ల కిందట నేనూ దాన్ని నిజమని నమ్మి కాలమ్‌లో రాశాను. ఒక పాఠకుడు ఉత్తరం రాసి, అసలు సంచికల్లో ఆ వరస లేదని చెప్పాడు. వెతికి చూసుకుంటే ఆయన చెప్పిందే నిజం. మరుసటి వారం సవరణ వేశాను. మరీ నవ్వు కోసమే తయారుచేసినట్టున్న హెడ్డింగ్ కనిపిస్తే ముందు ఆ రోజు పేపరు దొరుకుతుందేమో చూడు, దొరక్కపోతే వాడకు.

ఇరవైలో ఐదు ఉంచు. ప్రతిదానికీ తేదీ, దాని కింద చిన్నక్షరాల్లో ఏముందో, మర్నాడు ఏమైందో రాసి పంపు. ఆడేషస్‌తో మొదలుపెట్టు.

ఆశీస్సులతో.