చెక్క ప్యానెల్ గోడకు లప్పం పెట్టే ముందు అది ప్లైవుడ్డో, విడి పలకలో చూడండి

విజయనగరంలో కొన్న పాత ఇంట్లో హాలు గోడకు చెక్క ప్యానెలింగ్ ఉంది, పీకకుండా జిప్సం గోడలా నున్నగా చెయ్యొచ్చా అని అడిగారు. చెయ్యొచ్చండి. శ్రీకాకుళంలో మా నాన్నగారి ఇంట్లో హాలుకీ, లోపలి గదికీ చేయించాం. కానీ రెండింటికీ ఒకే పద్ధతి కుదరలేదు. హాల్లో ఉన్నది గాడి తీసిన ప్లైవుడ్, గదిలో ఉన్నవి విడివిడి టేకు పలకలు.

మీది ఏదో తేల్చుకోవాలంటే మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పండి. కోసిన అంచు పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. పలకలైతే లప్పం జోలికి పోవద్దు. వానాకాలం తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండలకి మళ్లీ సన్నబడుతుంది. లప్పం ఎండాక గట్టిగా ఉండిపోతుంది, ఆ కదలికకి తట్టుకోదు. పనివాడు ఎంత నేర్పరైనా అతుకుల దగ్గర గీతలు తేలతాయి.

ప్లై అయితే పని సులువే, ఓపిక కావాలి. పాత పాలిష్ మెరుపు పోయేదాకా 120 నంబరు ఎమరీ పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, ముందు ఆయిల్ ప్రైమర్ కొట్టించండి. అది లేకపోతే చెక్కలోని రంగు పైకి ఊరి, తెల్ల గోడ మీద పసుపు మరకలు కడతాయి. గాడుల్లో అక్రిలిక్ లప్పం పలచగా పెట్టి, ఎండనిచ్చి, మళ్లీ పెట్టాలి. ఒకేసారి దట్టంగా కూరితే ఎండేటప్పుడు లోపలికి గుంజుకుపోతుంది. రెండు షీట్లు కలిసే అతుకు మీద ఫైబర్ టేపు తప్పనిసరి. ఇదంతా ఆరాకే గోడంతా పలచగా లప్పం లాగించి, 220 నంబరు పేపరుతో రుద్దించండి. చీకటి పడ్డాక టార్చి గోడకి ఆనించి పక్కనుంచి వేస్తే ప్రతి మిట్టా పల్లమూ నీడతో బయటపడుతుంది. అవి సరిచేశాకే రంగు. కొందరు చవకని సిమెంటు పుట్టీ పెడతామంటారు, ఒప్పుకోకండి. అది ఇటుక గోడ పూతకి మంచిదే గాని చెక్కని పట్టుకోదు, పెచ్చులూడుతుంది.

పలకలైతే లప్పం బదులు జిప్సం బోర్డు వేయించాలి. మా లోపలి గదిలో మాత్రం టేకుని ఆ బోర్డు వెనక పాతిపెట్టడానికి మనసొప్పలేదు. పలకలు జాగ్రత్తగా విప్పి అలమర తలుపులకి వాడుకున్నాం. వెనక గోడకి కొట్టిన రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) గట్టిగా ఉన్నాయి గనక వాటికే 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు బిగించాం. విప్పడం మీకిష్టం లేకపోతే పలకల మీదే వేయించుకోవచ్చు, స్క్రూ మాత్రం పలకలోంచి రీపరుదాకా దిగాలి. బోర్డు అడుగు నేలకి తగలకుండా ఒక సెంటీమీటరు ఎత్తులో ఆపి స్కర్టింగుతో మూయించండి. లేకపోతే ఇల్లు తుడిచిన నీళ్లు పీల్చుకుంటుంది.

ప్యానెల్ ఉన్నది బయటి గోడకైతే మాత్రం ఎక్కడో ఒకచోట విప్పి వెనక చూడకుండా మొదలెట్టకండి. 2018 తిత్లీ తుపాను తర్వాత మా వీధిలో ఇలాంటి ప్యానెళ్ల వెనక చెమ్మ పట్టి, చెదలు ఎక్కాయి. ముందునుంచి చూస్తే ఏమీ తెలియదు, తట్టితే బోలుగా మోగేది. అలా ఉంటే పీకించి, చెదల మందు కొట్టించి, చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో ఆపాకే మిగతా పని. సంక్రాంతి వెళ్లాక మొదలెడితే గాలి పొడిగా ఉంటుంది, లప్పం బాగా ఆరుతుంది.