స్టెప్స్ పాసైతే బోర్డ్ సర్టిఫైడ్ అయినట్టేనా?

“మా చెల్లి యూఎస్ఎంఎల్ఈ స్టెప్స్ అన్నీ పాసైంది. ఇక అమెరికాలో బోర్డ్ సర్టిఫైడ్ అని రాసుకోవచ్చా?” అని ఒకరు అడిగారు.

ఇప్పుడే కుదరదండీ. యూఎస్ఎంఎల్ఈ అంటే అమెరికాలో డాక్టర్ లైసెన్సు కోసం రాసే పరీక్ష, అందులోని అంచెలే స్టెప్స్. అవి రెసిడెన్సీకీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషాలిటీ శిక్షణకీ), లైసెన్సుకీ పనికొస్తాయి. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం, స్పెషలిస్టు అని గుర్తించే బోర్డ్ సర్టిఫికెట్ ఇచ్చేది ఆ స్పెషాలిటీ బోర్డు. నాలాంటి ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లకు అది ఏబీఐఎం (అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్). మామూలుగా మూడేళ్ల రెసిడెన్సీ చేశాక, ఈ డాక్టర్ సొంతంగా రోగుల్ని చూడగలరని ప్రోగ్రాం డైరెక్టర్ ధ్రువీకరిస్తేనే పరీక్ష రాయనిస్తారు.

ఆ పరీక్షకే అందరూ టెన్షన్ పడతారు. ఒక్క రోజు, 240 ప్రశ్నల దాకా ఉంటాయి. చదివితే వచ్చేస్తుంది. స్పెషలిస్టును తయారుచేసేది మాత్రం మంచి డాక్టర్ పక్కన నిలబడి నేర్చుకున్న పనే.

మా రెసిడెన్సీ బ్యాచ్‌లో ఒకాయన గుంటూరు వైపు ఎండీ జనరల్ మెడిసిన్ చేసి, ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసి వచ్చారు. అయినా మాతోపాటు ఇంటర్న్‌గానే, అంటే మొదటి ఏడాది రెసిడెంట్‌గానే మొదలుపెట్టారు. తెలుగువాళ్లమంతా ఆయన్ని సార్ అనే పిలిచేవాళ్లం. ఒక నైట్ డ్యూటీలో ఆయాసంతో ఓ పెద్దావిడ వచ్చింది. నేను ఎక్స్‌రే ఆర్డర్ పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సార్ ఆవిడ్ని లేపి కూర్చోబెట్టి, వీపు మీద వేళ్లతో తట్టుకుంటూ వెళ్లి, “కుడివైపు నీరు చేరిందమ్మా, ఇదిగో ఇక్కడిదాకా” అని చూపించారు. ఎక్స్‌రేలో సరిగ్గా అక్కడిదాకానే ఉంది. శబ్దం ఎక్కడ మొద్దుబారుతుందో నా చేత తట్టించి మరీ నేర్పారు. పొద్దున రౌండ్స్‌లో ఆయనా మాలాగే చివర్న నిలబడి కేసు చెప్పాల్సి వచ్చింది.

ఇలాంటివాళ్లను కొన్నాళ్లు దగ్గరుండి చూసి, పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తే ఏం పోయింది? విదేశీ డాక్టర్లు అమెరికా రెసిడెన్సీ లేకుండానే లైసెన్స్ తెచ్చుకునే దారి తెరుస్తూ టెనెసీ రాష్ట్రం 2023లో చట్టం చేసింది. కానీ ఆ లైసెన్స్ ఉన్నంత మాత్రాన బోర్డ్ సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే చాలా ఆసుపత్రులు, ఇన్సూరెన్స్ కంపెనీలు చేర్చుకోవు. ఇంకో అన్యాయం, 1990కి ముందు ఇంటర్నల్ మెడిసిన్‌లో సర్టిఫై అయినవాళ్లకు అది జీవితాంతం చెల్లుతుంది. మాకేమో పదేళ్లకోసారి పరీక్ష, లేదంటే మూడు నెలలకోసారి 30 ప్రశ్నలు!

మీ చెల్లి ప్రోగ్రాంలు ఎంచుకునేటప్పుడు, ఎక్కడ ఎంతమంది మొదటిసారే బోర్డు పాసవుతున్నారో ఏబీఐఎం సైట్లో చూసుకోమనండి. అక్కడి రెసిడెంట్లకు ఫోన్ చేసి, నైట్ డ్యూటీలో అటెండింగ్ (పైన ఉండే సీనియర్ డాక్టర్) వార్డులోనే ఉంటారా, ఫోన్లోనే మాట్లాడి పెట్టేస్తారా అని తప్పకుండా అడగమనండి.