ఫార్మాట్ కొట్టే ముందు: పాత కంప్యూటర్లపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంట్లో ఉన్న పాత సిస్టమ్‌ని ఏం చేయాలన్నదే ఇప్పుడు చాలామంది పాఠకుల ప్రశ్న. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది పదేళ్లు దాటిన డెస్క్‌టాప్. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే తెర మీద బొమ్మలన్నీ రావడానికి పది నిమిషాలు పడుతోంది. ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు బాగుంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఈసారి మేమే చేసుకోవాలనుకుంటున్నాం. ఎలాగో చెప్పండి.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఫార్మాట్ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు హార్డ్‌డిస్క్ ఎలా ఉందో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే ఒక పట్టిక వస్తుంది. అందులో 05, సీ5 అనే రెండు వరసల్లో చివరి గడి చూడండి. అక్కడ అన్నీ సున్నాలే ఉండాలి. 05లో కనిపించేవి పాడైపోయి డిస్క్ తనంతట తాను పక్కన పెట్టేసిన సెక్టార్లు (డేటా రాసుకునే చిన్న చిన్న గడులు). సీ5లోవి చదవలేక అటో ఇటో తేలకుండా ఉన్నవి. సీ5లో అంకె ఉండి, నాలుగు రోజుల తర్వాత చూస్తే ఇంకా పెరిగిందంటే ఆ డిస్క్ మీద మళ్లీ విండోస్ వేయడం శుద్ధ దండగ. ఫోటోలు, కాగితాలు ముందు కాపీ చేసుకోండి.

అలాంటి సెక్టార్ ఎదురైనప్పుడు డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఆ కొన్ని సెకన్లూ సిస్టమ్ మొత్తం దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఫార్మాట్ చేయగానే ఫైళ్లు వేరే చోట పడతాయి, ఆన్ అవగానే లేచే ప్రోగ్రాములూ తక్కువ ఉంటాయి, కాబట్టి కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. డిస్క్ మాత్రం బాగుపడదు.

డిస్క్ ఆరోగ్యంగానే ఉన్నా మీకు మా సలహా ఒక్కటే: 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాల్లేని, వేగమైన డిస్క్) వేసి, దాని మీద విండోస్ కొత్తగా ఎక్కించండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే, ఉత్తినే ఎస్‌ఎస్‌డీ అని అడక్కుండా '2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ' అని అడగండి. ఎం.2 రకం చేతిలో పెడితే మీ బోర్డులో దానికి చోటుండదు. మూడో తరం బోర్డులు చాలావాటిలో సాటా వేగం పాతదే అయినా ఫర్వాలేదు, తేడా కళ్లకు కనిపిస్తుంది. ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే డీడీఆర్3 4 జీబీ ఒకటి చేర్చండి. డీడీఆర్4 అయితే గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కితే స్లాటే విరుగుతుంది.

ఎస్‌ఎస్‌డీకి కేబుళ్లు కొనకముందు క్యాబినెట్‌లో డీవీడీ డ్రైవ్ వైపు చూడండి. దాన్ని ఎటూ ఎవరూ వాడటం లేదు. దాని డేటా కేబుల్, పవర్ పిన్ తీసి ఎస్‌ఎస్‌డీకి పెడితే సరిపోతుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుము ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.

ఇక్కడ చాలామంది తప్పే చోటు ఒకటుంది. విండోస్ వేస్తున్నంతసేపూ పాత హార్డ్‌డిస్క్ కేబుల్ తీసి ఉంచండి. అది తగిలించి ఉంటే, విండోస్ ఎస్‌ఎస్‌డీలో పడినా బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లోకి వెళ్లే అవకాశం ఉంది. ఆరు నెలల తర్వాత ఆ డిస్క్ పోయిన రోజున కొత్త విండోస్ కూడా లేవదు.

ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ 10 తయారు చేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. మీ బోర్డు లాన్ డ్రైవర్ (నెట్ కేబుల్ పనిచేయడానికి కావాల్సిన ప్రోగ్రామ్) కూడా ముందే దించి అందులో వేసుకోండి. సిస్టమ్ ఆన్ చేసి బూట్ మెనూ మీట కొట్టండి: డెల్, లెనోవో, ఏసర్‌లకు ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, అసూస్ బోర్డులకు ఎఫ్8. కీ అడిగినప్పుడు 'ఐ డోంట్ హేవ్ ఎ ప్రోడక్ట్ కీ' నొక్కండి. ఇదివరకు అసలైన విండోస్ 10 యాక్టివేట్ అయి ఉంటే, అదే మదర్‌బోర్డు మీద అదే ఎడిషన్ వేసినప్పుడు నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. అందుకని హోమా, ప్రోనా అన్నది ముందే రాసి పెట్టుకోండి. డిస్క్ అడిగిన చోట 'అన్‌అలొకేటెడ్ స్పేస్' ఎంచుకుని నెక్స్ట్ కొట్టడమే, విభజనలు మీరు చేయనక్కర్లేదు. మొదటిసారి రీస్టార్ట్ అయ్యేటప్పుడు పెన్‌డ్రైవ్ తీసేయండి, లేకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

విండోస్ 11కి అధికారికంగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అడ్డదారులున్నాయి కానీ ఈ సిస్టమ్‌కి మేం చెప్పం. విండోస్ 10 వేసుకుని, సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా రక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఈ సిస్టమ్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు.

ప్రశ్న: చిన్న డీటీపీ షాపు మాది, లెక్కలు కూడా అందులోనే చూసుకుంటాం. 'మీవన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయమ్మా, సి ఒక్కటే ఫార్మాట్ చేస్తా, ఏమీ పోవు' అంటున్నాడు రిపేర్ చేసే అబ్బాయి. నమ్మొచ్చా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: డి జోలికి వెళ్లకపోతే అందులోవి పోవు, ఆ మాట నిజమే. కానీ విండోస్ వేసేటప్పుడు వచ్చే డిస్క్ పట్టికలో సి, డి అనే అక్షరాలు కనిపించవమ్మా. 'డ్రైవ్ 0 పార్టిషన్ 1', 'పార్టిషన్ 2' అనే ఉంటుంది. ఏది ఏదో సైజును బట్టే పోల్చుకోవాలి. రెండూ దగ్గర దగ్గర సైజులైతే ఒక్క తప్పు డిలీట్‌తో డి మొత్తం పోతుంది. అందుకే ముందు రోజు రాత్రి డి మొత్తాన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు అక్కడి నుంచే తెరిచి చూడండి. రెండూ ఒకే హార్డ్‌డిస్క్‌లోని భాగాలు కాబట్టి, సి నుంచి డిలోకి కాపీ చేయడాన్ని బ్యాకప్ అనుకోకండి.

ఇక సిలో ఏమీ లేదన్నది ఏ ఇంట్లోనూ నిజం కాదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మామూలుగా ఉండేది సిలోనే. 'యూజర్స్' ఫోల్డర్‌లో మీ పేరున్న ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. ఔట్‌లుక్ వాడితే మెయిళ్లుండే పీఎస్‌టీ ఫైలు ఎక్కడుందో వెతకండి. క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డులు గూగుల్ ఖాతాకి సింక్ కాకపోతే విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

లెక్కలకు ట్యాలీ ప్రోగ్రామ్ ఉంటే, డేటా ఎక్కడుందో ప్రోగ్రామ్‌లోనే చూడండి. 10000 లాంటి అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లే మీ కంపెనీలు. ఫార్మాట్‌కి ముందే ట్యాలీలో లైసెన్స్ 'సరెండర్' చేయండి, కొత్తగా వేశాక మళ్లీ యాక్టివేట్ చేసుకోవచ్చు. జీఎస్‌టీకి వాడే డిజిటల్ సంతకం టోకెన్‌కి ఫార్మాట్‌తో ఏమీ కాదు, సర్టిఫికెట్ టోకెన్ లోపలే ఉంటుంది. డ్రైవర్ మళ్లీ వేస్తే చాలు. ఆ డ్రైవర్ మెనూలో 'ఇనిషియలైజ్' అన్నది కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, సర్టిఫికెట్ చెరిగిపోతుంది.

అసలు డీటీపీ వాళ్లకు ప్రాణం ఫాంట్లు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది. ఫైలు పాడైందని కంగారుపడి దాని మీదే సేవ్ కొట్టకండి. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి 'ఫాంట్స్' నుంచి మీరు వాడే తెలుగు ఫాంట్లన్నీ ముందే కాపీ చేసుకోండి, అదే ఫాంట్ తిరిగి వేస్తే అక్షరాలు వచ్చేస్తాయి. టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్స్ కాగితం చేతిలో ఉన్నాకే ఆ అబ్బాయికి సిస్టమ్ అప్పగించండి.

ప్రశ్న: విండోస్ వేస్తుంటే డిస్క్ ఎంచుకున్న చోట 'ఈ డిస్క్‌లో ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, జీపీటీ డిస్క్‌లోనే వేయగలం' అని వచ్చి ఆగిపోతోంది. డిస్క్ పాడైందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాడవలేదు. మీ పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ అయింది, దానికి జీపీటీ డిస్క్ కావాలి. మీ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది. బూట్ మెనూ మళ్లీ తెరిస్తే అదే పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు ఉంటుంది, ఒకదాని ముందు 'యూఈఎఫ్ఐ' అని రాసి ఉంటుంది. డిస్క్‌లో డేటా ఉంటే ఆ మాట లేని రెండో పేరు ఎంచుకుని వేయండి. రెండో పేరు కనిపించకపోతే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల పేజీలో) పాత పద్ధతి బూట్‌కి ఉండే లెగసీ లేదా సీఎస్‌ఎం ఆన్ చేయాలి. డిస్క్ ఖాళీదైతే అదే పట్టికలో అన్ని పార్టిషన్లూ డిలీట్ చేసి, మిగిలిన ఖాళీ జాగా మీద నెక్స్ట్ కొడితే జీపీటీగా మారిపోతుంది. బయోస్‌లో ఉండగా సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. విండోస్ వేశాక మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది.

ప్రశ్న: ఫార్మాట్ చేసినా ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు, 'కనెక్షన్ సురక్షితం కాదు' అంటోంది. రోజూ తేదీ కూడా వెనక్కి పోతోంది.
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: రెండింటికీ కారణం ఒకటే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 సెల్ అయిపోయింది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు కనిపిస్తాయి. 3 వోల్టుల కొత్త సెల్ వేసి, బయోస్‌లో తేదీ, బూట్ వరస సరిచేయండి.

ప్రశ్న: విండోస్ వేస్తుంటే సగంలో 'ఫైళ్లు చదవలేకపోతున్నాం' అని ఆగిపోతోంది. ఒకసారి సగంలో కరెంటు కూడా పోయింది.
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కరెంటు పోయినంత మాత్రాన సిస్టమ్‌కి ఏమీ కాదు, పార్టిషన్ తీసేసి మొదట్నుంచి వేయండి. ఫైళ్లు చదవలేకపోవడానికి ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానించండి. వేరేది తయారు చేసి, క్యాబినెట్ వెనక వైపు పోర్టులో పెట్టండి. అయినా ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంటే తప్పు ర్యామ్‌ది కావచ్చు. స్టిక్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడిపితే సందేహం తీరుతుంది. ఒక్క తప్పు చూపినా ఆ స్టిక్ మార్చాల్సిందే. యూపీఎస్ నిమిషం కూడా ఆగడం లేదంటే లోపలి 12 వోల్టుల బ్యాటరీ మార్పించండి.

ప్రశ్న: కోర్ 2 డుయో, 2 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ మూలన పడి ఉంది. లినక్స్ వేస్తే పిల్లల చదువుకి పనికొస్తుందా? క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంది.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పనికొస్తుంది, కానీ ర్యామ్ 4 జీబీ చేయండి. 2 జీబీతో లినక్స్ నడుస్తుంది, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిస్తే మాత్రం మొరాయిస్తుంది. బోర్డు డీడీఆర్2నా, డీడీఆర్3నా అన్నది పాత స్టిక్ చూపించి కొనండి. లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం దించుకోండి. దాన్ని డిస్క్‌లో వేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్ అన్నీ పనిచేస్తున్నాయని తేలాకే ఇన్‌స్టాల్ నొక్కండి. తెలుగు చదవడానికి ఇబ్బంది ఉండదు, టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ చేర్చుకోవాలి.

ప్రింటర్ దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది. ఎల్‌బీపీ 2900 క్యానన్ సొంత భాష క్యాప్ట్‌తో పనిచేస్తుంది, లినక్స్‌లో దాన్ని నడిపించడం తలనొప్పి వ్యవహారం. దాన్ని విండోస్ ఉన్న సిస్టమ్‌కే తగిలించి ఉంచి, పిల్లలు చేసినవి పీడీఎఫ్‌గా పంపి అక్కడి నుంచి ప్రింట్ తీసుకోండి.