పెద్దయ్యాక కూడా ఎముకలు మారతాయా?

మారతాయి. పొడవు పెరగడం సుమారు ఇరవై ఏళ్లకు ఆగిపోతుంది గానీ, ఎముక మందం, లోపలి అల్లిక మాత్రం జీవితాంతం మారుతూనే ఉంటాయి.

ఎముకలో ఒక రకం కణాలు పాత భాగాన్ని కరిగిస్తుంటే, ఇంకో రకం కణాలు అక్కడే కొత్త ఎముకను కడుతుంటాయి. ఎక్కడ కట్టాలో చెప్పేది చాలావరకు ఆ ఎముక మీద పడే బరువే. బరువు పడినచోట గట్టిపడుతుంది, పడనిచోట పలచబడుతుంది. జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే దీన్ని ఒక సూత్రంగా చెప్పాడు.

చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడేవాళ్లను చూడండి. రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. మనిషి ఒకడే, తిండీ ఒకటే, జన్యువులూ అవే. తేడా అంతా వాడకంలోనే. పరిశోధకులకు ఇంతకంటే చక్కని పోలిక దొరకడం కష్టం.

ల్యాబులో వేలాడే అస్థిపంజరాన్ని చూసి చాలామంది ఎముకంటే ప్రాణంలేని కర్ర లాంటిదే అనుకుంటారు. అది ఎండిపోయిన ఎముక. ఒంట్లో ఉన్నదానికి రక్తనాళాలు, నరాలు అన్నీ ఉంటాయి. కాల్షియం మాత్రలు మింగితే చాలనుకోవడమూ ఇలాంటి పొరపాటే. కాల్షియం ఇటుక మాత్రమే, పని పురమాయించేది కదలిక.